మూడో వరుస గెలిచిన శనివారాలు

రేకుల కప్పు మీద బాదం ఆకు పడింది.

టప్... అని ఒక్క చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఎండిపోయిన ఆకు కాదు. బరువున్న ఆకు. ఎర్రగా పండి, తొడిమె దగ్గర ఇంకా తడి ఆరని ఆకు. అది పడినప్పుడల్లా తొమ్మిదో తరగతిలో నలభై రెండు తలలు పైకి లేస్తాయి. మళ్ళీ పుస్తకాల్లోకి వంగుతాయి.

నా తల మాత్రం మూడో వరుస వైపు తిరుగుతుంది.

అక్కడ కిటికీ పక్కన రవళి కూర్చుంటుంది. పోయినేడు అదే చోట రవళి అక్క నవత కూర్చునేది.

నవత లేదు.

పోయిన ఫిబ్రవరిలో, పదిహేనేళ్ళు నిండకముందే, తనంతట తానే ప్రాణం తీసుకుంది.

ఇంతకంటే మెత్తగా చెప్పే మాట కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. దొరకలేదు.

మా బడి బోయిగూడలో, కలప డిపోల వెనక. రంపం పొట్టు వాసన ప్రార్థనలోకి కూడా వస్తుంది. మా తరగతి పై అంతస్తులో, రేకుల కింద. ఆ రేకుల మీదికి ఒరిగిన బాదం చెట్టును ఎవరు నాటారో తెలియదు. చలి వెళ్ళే రోజుల్లో దాని ఆకులు రంగు మారతాయి. పచ్చ, పసుపు, ఎరుపు. ఆ తర్వాతే రాలతాయి.

చెట్టు ఏదీ దాచుకోదు.

నేను ఆ చెట్టు కింద ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పాను.

నవత తొమ్మిదిలో ఉన్నప్పుడు, దసరా సెలవుల తర్వాత మమ్మల్ని బేగంపేటలో ఒకరోజు శిక్షణకు పిలిచారు. పిల్లల మనసుల గురించి. చల్లటి హాలు. ముందు నిలబడి మాట్లాడిన అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో. ఆమె మూడు రంగుల అట్టముక్కలు చూపించింది. పచ్చది, బాగున్నాను. పసుపుది, పరవాలేదు. ఎర్రది, బాగాలేను.

రోజూ పొద్దున ప్రతి బిడ్డా తన పేరున్న జేబులో ఒక అట్ట పెట్టాలి. అంతే.

"ఎర్రది పెట్టిన బిడ్డ దగ్గర అయిదు నిమిషాలు కూర్చోండి మేడం. ఏమీ అడగకపోయినా సరే. కూర్చుంటే చాలు."

ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను. కింద గీత కూడా గీసుకున్నాను.

ఇంట్లో పాత నీలం కర్టెన్ ఉంటే కత్తిరించి నలభై రెండు జేబులు కుట్టాను. ఒక్కో జేబు మీద ఒక్కో పేరు. బోర్డు పక్కన మేకులకు తగిలించాను. గాలికి ఆ గుడ్డ కొంచెం ఊగేది. పిల్లలు వరుసగా వచ్చి అట్టలు పెట్టేవారు. నవ్వుకునేవారు. తోసుకునేవారు.

మొదటి వారం మూడు రంగులూ కనబడ్డాయి.

గురువారం నవత ఎర్రది పెట్టింది.

నేను చూశాను. "బెల్లు కొట్టినాక ఉండు బిడ్డా, మాట్లాడుకుందాం" అన్నాను. తల ఊపింది. బెల్లు కొట్టారు. ఆ రోజు మధ్యాహ్న భోజనం లెక్క కంప్యూటర్లో ఎక్కించే పని నాది. నెట్ రాలేదు. వచ్చేసరికి నాలుగున్నర దాటింది. పైకి వెళ్ళి చూస్తే తరగతి ఊడ్చి ఉంది. బెంచీలు సర్ది ఉన్నాయి. బోర్డు తుడిచి ఉంది.

నవతే తుడిచి ఉంటుంది. ఎప్పుడూ తనే తుడిచేది.

నా కోసం ఎంతసేపు చూసిందో తెలియదు.

శుక్రవారం మళ్ళీ ఎర్రది పెట్టింది.

ఆ రోజే హెడ్మాస్టర్ జోగారావు గారు మా తరగతికి వచ్చారు. జేబులను చూశారు. కళ్ళద్దాలు పైకి జరిపి మళ్ళీ చూశారు.

"స్వర్ణలత మేడం, గీ ఎర్రయి గిన్ని ఏంది? తనిఖీకి ఎవలన్న వస్తే పిల్లల్ని మనమే ఏడిపిస్తున్నం అనుకుంటరు."

ఆయన చెడ్డవారు కారు. పిల్లల చెప్పులు తెగితే తన జేబులోంచి కొనిచ్చే మనిషి. మాట అనేసి వెళ్ళిపోయారు. నన్ను ఏమీ చేయమనలేదు.

చేసింది నేనే.

నాకు తెలిసిన పద్ధతి ఒకటుంది. వరుసల మధ్య పోటీ. ఇరవై రెండేళ్ళుగా అదే. గోళ్ళు కత్తిరించుకొచ్చిన వరుసకు ఒక స్టార్. ఇంటిపని పూర్తి చేసిన వరుసకు ఒక స్టార్. అందరూ బడికి వచ్చిన వరుసకు ఇంకొకటి. శనివారం ఆఖరి పీరియడ్‌లో లెక్కపెట్టి, గెలిచిన వరుస పిల్లల పేర్లన్నీ రంగు సుద్దతో బోర్డు మీద రాస్తాను. సోమవారం దాకా ఉంటాయి. ఎవరూ చెరపరు.

ఆ పద్ధతితో గోళ్ళు శుభ్రమయ్యాయి. ఇంటిపని పూర్తయింది. బడి మానేసిన పిల్లలు తిరిగి వచ్చారు.

ఆ శనివారం స్టార్ల పట్టికలో నేను ఇంకో గడి గీశాను.

పచ్చ అట్టలు ఎక్కువున్న వరుసకు ఒక స్టార్.

ఎవరూ చెప్పలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. మంచి ఆలోచన అనుకున్నాను. పిల్లలు ఒకరినొకరు సంతోషపెట్టుకుంటారు అనుకున్నాను.

మూడో వరుస ఓడిపోయింది. ఒకే ఒక్క అట్ట తేడాతో.

సోమవారం పొద్దున నేను హాజరు పట్టీ విప్పుతున్నాను. జేబుల దగ్గర మాటలు వినిపించాయి. నవత పక్కన కూర్చునే జన్నత్ గొంతు అందరికంటే పైకి వినిపిస్తుంది.

"ఏయ్ నవతా, నీ ఒక్కదానితోని మన లైన్ మొత్తం పోయింది. జెర పచ్చది పెట్టరాదే."

"పెట్టబుద్ధయితలేదే."

"బుద్ధయ్యుడేందే? చేతులున్నయ్ గదా, పెట్టు. అంత తక్లీఫ్ ఉంటే ఇంటికి పొయ్యి తక్లీఫ్ పడు."

లైనంతా నవ్వింది. నవత కూడా నవ్వింది.

నేనూ నవ్వాను.

నవత పచ్చది పెట్టింది.

ఆ శనివారం మూడో వరుస గెలిచింది. నవత పేరు గులాబీ రంగు సుద్దతో రాశాను. జన్నత్ లేచి దాని మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరూ అటూ ఇటూ ఊగారు... గాలికి కొమ్మ ఊగినట్టు.

అప్పటి నుంచి అన్నీ పచ్చవే. నలభై రెండు జేబుల్లో పచ్చవే. గోడ మీద చిన్న పొలం మొలిచినట్టు. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. జోగారావు గారు ఫోటో తీసి పై ఆఫీసుకు పంపారు. ఎర్ర అట్టలు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

బయట చెట్టు ఎర్రబడుతోంది.

లోపల ఎవరూ ఎర్రబడటం లేదు.

ఒక్క సంగతి మాత్రం నా కళ్ళ ముందే జరిగింది. నవత అక్షరాలు చిన్నవయ్యాయి. నవంబరులో గుండ్రంగా, గీతకూ గీతకూ మధ్య నిండుగా ఉండేవి. డిసెంబరులో గీతకు అంటుకుపోయాయి. సంక్రాంతి సెలవుల తర్వాత చీమల బారులా అయ్యాయి. నేను పుస్తకాలు దిద్దుతూ పక్కన ఎర్ర సిరాతో రాశాను... 'కొంచెం పెద్దగా రాయి.' మూడుసార్లు రాశాను. మూడుసార్లూ తేదీ వేశాను.

అరవై మూడు రోజులు నవత పచ్చది పెట్టింది.

అరవై నాలుగో రోజు బడికి రాలేదు.

ఆ రోజు పొద్దున జేబులో ముందురోజు అట్ట అలాగే ఉంది. పచ్చగా.

నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి సందు నిండా జనం. ఒకటే గది ఇల్లు. తండ్రి లక్ష్మణ్ లారీ మీద నాగపూర్ దాకా వెళ్ళి ఉన్నాడు. తల్లి దేవమ్మ బేగంపేటలో ఒక హోటల్లో పక్కదుప్పట్లు మార్చే పని చేస్తుంది. పని బట్టల్లోనే వచ్చింది. గడపలో కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది. టీచర్ వస్తే లేవడం అలవాటు.

"టీచరమ్మా, బడిల ఎట్లుండె నా బిడ్డ?"

"బాగుండేదమ్మా" అన్నాను.

అరవై మూడు పచ్చ అట్టలు నా నోట్లోంచి మాట్లాడాయి.

వారం తర్వాత విచారణకు ఒక అధికారి వచ్చారు. రంగులను రోజూ నేను ఒక రిజిస్టరులో ఎక్కించేదాన్ని. జోగారావు గారు అది తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"చూడుండ్రి సార్. అరవై మూడు దినాలు. ఒక్కటి సుత వేరే లేదు."

ఆ రెండు ఎర్రవి అంతకు ముందు పేజీలో ఉన్నాయి. జోగారావు గారు ఆ పేజీ తిప్పలేదు. నేనూ తిప్పలేదు.

విద్యార్థిని బడిలో సంతోషంగా ఉండేది... అని అధికారి రాశారు. కింద నేను సంతకం పెట్టాను. నా అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా వచ్చాయి.

బడికి ఏ దోషమూ అంటుకోలేదు.

మార్చి ఎండల్లో ఒకరోజు జన్నత్ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. గొంతు చిన్నగా ఉంది. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

"టీచర్, నేనన్న మాటకేనా?"

"కాదు బిడ్డా. పోటీ పెట్టింది నేను."

"నేను నవ్విన టీచర్."

"నేనూ నవ్వాను."

వెళ్ళిపోయింది. ఇప్పుడు పదో తరగతిలో ఉంది. వరండాలో ఎదురైతే గోడవైపు జరుగుతుంది. నా మాట దాని బరువేమీ తగ్గించలేదు.

జూన్‌లో బడి తెరిచారు. రవళి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఎక్కడైనా కూర్చోవచ్చు అన్నాను. తిన్నగా నడిచి మూడో వరుస కిటికీ పక్కకు వెళ్ళింది. సంచి పెట్టింది. కూర్చుంది.

స్టార్లు మానేశాను. అన్నీ. గోళ్ళవి కూడా.

జేబులు మాత్రం ఉన్నాయి, కొత్త పిల్లల పేర్లతో. ఈసారీ నలభై ఇద్దరే. పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది కాబట్టి తీయవద్దన్నారు. "ఇక పోటీ లేదు. మీకు ఎట్లా ఉంటే అట్లా పెట్టండి" అని పిల్లలకు చెప్పాను. నెమ్మదిగా చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

అన్నీ పచ్చవే పెట్టారు.

పోటీ పోయింది. భయం మిగిలింది. ఎర్రది పెడితే ఇంటికి కబురు పోతుందట. ఎర్రది పెడితే ఆ అక్కలాగా అంటారట.

రవళి రోజూ పచ్చది పెడుతుంది. పెట్టి, వేలితో లోపలికి ఒత్తుతుంది. పడిపోకుండా.

నెలకోసారి ఒక కౌన్సెలర్ వస్తుంది. పన్నెండు బడులకు ఆమె ఒక్కతే. రవళిని ఆమె దగ్గర కూర్చోబెట్టాను, నాలుగుసార్లు. నాలుగుసార్లూ రవళి బాగున్నానంది. కౌన్సెలర్ నావైపు అలసటగా చూసింది. "తలుపు తెరవాల్సింది లోపలి నుంచి మేడం" అంది. గోడ మీద ఒక ఫోన్ నంబరు అంటించారు, ఎప్పుడైనా మాట్లాడవచ్చని. మా పిల్లలకు ఫోన్ ఉండదు. ఇంట్లో అడిగి తీసుకోవాలి. ఎందుకు అంటే చెప్పాలి.

ఆగస్టు వానలో దేవమ్మ ఇంటికి వెళ్ళాను. ఒకటే పని మీద. నిజం చెప్పాలని. దారంతా మాటలు పేర్చుకున్నాను. గొడుగు మీద వాన... మాటలన్నీ తడిసిపోయాయి.

దేవమ్మ స్టూలు తుడిచి వేసింది. తను నేల మీద కూర్చుంది.

"అమ్మా, బడిలో నేనొక పోటీ పెట్టాను. ఎవరి లైన్‌లో పచ్చ అట్టలు ఎక్కువుంటే వాళ్ళ పేర్లు బోర్డు మీద..."

ఆమె ముఖం మారింది. అది నేను ఎదురుచూసిన మార్పు కాదు.

"నా బిడ్డ పేరు సుత రాసిండ్రా టీచరమ్మా?"

"రాశాను."

"అందరు చూసేటట్టు?"

"అందరూ చూసేటట్టు."

"ఎన్నిసార్లు గెలిచింది?"

తొమ్మిది శనివారాలు. చెప్పాను. ఆమె వేళ్ళ మీద తొమ్మిది మడిచి చూసుకుంది. ఏడుస్తూ నవ్వింది. మూల నుంచి రవళిని పిలిచింది. "ఇన్నవా, అక్క తొమ్మిదిసార్లు గెలిచిందంట. నాకు ఒక్కసారన్న చెప్పలేదు, దొంగముండ."

రవళి నన్ను చూసింది.

ఆ చూపు చూస్తే తెలిసింది, ఆ పిల్లకు అంతా తెలుసు. తల్లికి తెలియకూడదని కూడా తెలుసు.

నేను మోసుకెళ్ళిన నిజాన్ని తడి గొడుగుతో పాటు తిరిగి తెచ్చుకున్నాను.

చలికాలం వచ్చింది. చెట్టు మళ్ళీ మొదలుపెట్టింది. ముందు ఒకటి... తర్వాత నాలుగు... తర్వాత కొమ్మంతా.

పోయిన నెల పుస్తకాలు దిద్దుతుంటే రవళి పుస్తకం దగ్గర చెయ్యి ఆగింది.

అక్షరాలు చిన్నవవుతున్నాయి.

ముందు పేజీలు తిప్పాను. జూన్‌లో గుండ్రంగా. అక్టోబరులో గీతకు అంటుకుని. ఇప్పుడు... కళ్ళకు దగ్గరగా పెట్టుకుంటే తప్ప కనబడటం లేదు. పక్కన ఏమీ రాయలేదు. ఏం రాయాలి?

ఆ ఆదివారం నలభై మూడో జేబు కుట్టాను. నా పేరు రాశాను. సోమవారం పొద్దున పిల్లలందరూ చూస్తుండగా అందులో ఎర్ర అట్ట పెట్టాను.

నలభై రెండు తలలు ఆ జేబు వైపు తిరిగాయి.

వెనక బెంచీ నుంచి సుభాన్ అడిగాడు. "టీచర్, మీకు గూడ ఉంటదా?"

"ఉంటుంది."

"పెద్దోళ్ళకు గూడ?"

"పెద్దోళ్ళకు కూడా. చెబితే తప్పు లేదు. మీరూ పెట్టొచ్చు."

ఎవరూ పెట్టలేదు. మంగళవారం పెట్టలేదు. బుధవారం పెట్టలేదు. నలభై రెండు పచ్చవాటి మధ్య నా ఎర్రది ఒక్కటే. పిల్లలు దానివైపు చూడకుండా నడవడం నేర్చుకున్నారు. నన్ను సందేహాలు అడగడం మానేశారు. అల్లరి కూడా మానేశారు.

గురువారం ఆఖరి బెల్లు కొట్టారు. అందరూ దిగిపోయారు. రవళి దిగలేదు. సంచి భుజాన వేసుకునే జేబుల దగ్గరికి వచ్చింది.

నా జేబులోంచి ఎర్రది తీసింది. పెట్టెలోంచి పచ్చది వెతికి పెట్టింది. పెట్టి వేలితో లోపలికి ఒత్తింది.

"గిది ఉంచుండ్రి టీచర్."

"ఎందుకమ్మా?"

"అందరు పరేషాన్ అయితుండ్రు. మీకేమన్న అయితదేమో అని."

"నీకూ భయమేసిందా?"

"నాకేం భయం టీచర్. నాకు అలవాటే." కొంచెం నవ్వింది. నన్ను ఊరడించే నవ్వు. "మా అమ్మ గిట్లనే ఉంటది. నేను మంచిగున్న అంటెనే తింటది. అనకుంటే పళ్ళెం పక్కకు పెడ్తది. నాన్న ఫోన్ చేసిండనుకోండ్రి, ఆయనకు సుత ముందు అదే చెప్పాలె. అప్పుడే లారీ షురూ చేస్తడు."

పద్నాలుగేళ్ళ పిల్ల. ఇంటి దూలం నెత్తిన పెట్టుకుని నిలబడింది. ఇప్పుడు నన్ను కూడా పైన ఎక్కించుకుంటోంది.

"మరి నీ సంగతి నువ్వు ఎవరికి చెప్తవు బిడ్డా?"

ఆలోచించింది. నిజంగా ఆలోచించింది. లెక్క ఇస్తే ఆలోచించినట్టు పైపెదవి కొరుక్కుంటూ.

"చెప్తే ఏమయితది టీచర్?"

అది ఎదురుప్రశ్న కాదు. పొగరు కాదు. తెలుసుకోవాలని అడిగింది. వాళ్ళక్క రెండు రోజులు చెప్పింది. ఏమైందో ఈ పిల్లకు తెలుసు.

ఇరవై రెండేళ్ళలో ఏ పిల్లకూ జవాబు లేదని చెప్పలేదు.

"తెలియదు బిడ్డా" అన్నాను. "కూర్చో."

బెంచీ చివర కూర్చుంది. సంచి దించలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. డిపోలో రంపం ఆగింది. మళ్ళీ మొదలైంది. రవళి వేళ్ళు సంచి పట్టీని చుట్టాయి, విప్పాయి. చుట్టాయి. ఒకసారి నోరు తెరిచింది. ఊపిరి తీసుకుంది...

మూసుకుంది.

"అమ్మ చూస్తది టీచర్. పోతా."

"పోయి రా."

లేచింది. గుమ్మం దాటింది. మెట్లు దిగుతున్న అడుగులు. ఒకటి. రెండు. మూడు. చిన్న అడుగులు, సంచి బరువుకు కొంచెం ఈడ్చినట్టు.

తొమ్మిదో అడుగు తర్వాత చప్పుడు లేదు.

మెట్ల మధ్యలో ఒక మలుపు ఉంది. అక్కడ ఆగింది.

నేను లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. దిగడం మొదలుపెట్టాను. నా చెప్పుల చప్పుడు దానికి వినబడే ఉంటుంది. మలుపుకు ఇంకా రెండు మెట్లుండగా ఆగాను. గోడ అంచు వెనక నీలం యూనిఫాం కొస ఒకటి కనబడుతోంది. కదలడం లేదు.

"రవళీ" అన్నాను.

కింద గేటు దగ్గర పిల్లల అరుపులు ఒక్కొక్కటీ సన్నగిల్లి ఆగిపోయాయి.

గోడ అంచు వెనక పిల్ల ఊపిరి వినబడుతోంది. పైకి రావడం లేదు. కిందికి పోవడం లేదు.